మంచి చెయ్యి

సోమవారం పొద్దున్న శారోన్ కంప్యూటర్ తెరిచేసరికి కోనపీచు డాట్ ఇన్ ఉండవలసిన చోట ఎర్రటి హెచ్చరిక ఉంది. ఈ సైటు సురక్షితం కాదు, ఇక్కడ మీ వివరాలు దొంగలపాలు కావచ్చు, వెనక్కి వెళ్ళిపోండి అని దాని సారాంశం. శారోన్ పెయింటు బ్రష్షు తీసి కీబోర్డు మీది కొబ్బరి పొట్టు దులిపింది. కొత్తపేట శివార్లలోని ఆ ఫ్యాక్టరీలో ఏది మొరాయించినా ముందు పొట్టు దులపడం ఆనవాయితీ. దులిపి మళ్ళీ తెరిచింది. హెచ్చరిక కదల్లేదు.

కిటికీ అవతల కళ్ళంలో బేబి, ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు కడిగిన పొట్టును చెక్క పలకలతో తిరగేస్తున్నారు. అది ఎండాక యంత్రంలో పడి ఐదు కిలోల దిమ్మగా బయటికొస్తుంది. పట్నాల్లో మేడల మీద మొక్కలు పెంచేవాళ్ళు ఆ దిమ్మ కొనుక్కుని, నీళ్ళు పోసి, మళ్ళీ పొట్టు చేసుకుంటారు. మళ్ళీ విప్పుకునేదానికి ఇంత కష్టపడి నొక్కడం ఎందుకని బేబి రోజుకోసారైనా ఆశ్చర్యపోతుంది.

ఈమెయిలు పెట్టెలో బెంగళూరు వాళ్ళ ఉత్తరం కూడా ఉంది. ఏడాదికి సరిపడా దిమ్మలు కొంటామని నెల రోజులుగా మాటలు నడుస్తున్న కంపెనీ అది. మీ సైటు మా ఆఫీసులో తెరుచుకోవడం లేదు, శుక్రవారం సాయంత్రంలోగా సరిచేసుకోకపోతే మేం తమిళనాడు వాళ్ళతో మాట్లాడుకుంటాం అని మర్యాదగా రాశారు. ఈ కాంట్రాక్టు రాకపోతే కంప్యూటర్ గది మూసేసి, పాతకాలంలా లారీ బ్రోకర్లకే అమ్ముకుంటానని యజమాని తాతారావు ఉగాదినాడే అన్నాడు. కంప్యూటర్ గది అంటే శారోన్ ఉద్యోగం. దాని పక్కనున్న ప్యాకింగు గది అంటే బేబి వాళ్ళ ఉద్యోగాలు.

తాతారావు కళ్ళంలోంచి నేరుగా వచ్చాడు. జుట్టంతా పొట్టే.

“ఏంటమ్మా, ఎర్రగా ఉంది?”

“సర్టిఫికెట్టు గడువు అయిపోయిందండి.”

“ఏ సర్టిఫికెట్టు? పొల్యూషన్ వాళ్ళదా?”

“కాదండి. ఎస్ఎస్ఎల్ అంటారండి. ఇది నిజంగా తాతారావు గారి కొట్టే, మధ్యలో ఎవరూ తొంగి చూట్లేదు అని వచ్చినోళ్ళకి చెప్పేదండి.”

“అయితే కట్టేద్దాం. ఎంతంట?”

“ఈ రోజుల్లో అది ఉచితంగానే ఇస్తారండి. కాకపోతే పేరు మనదేనని చూపించాలండి. ఎవరైనా కోనపీచు అని కొడితే ఏ కంప్యూటర్ దగ్గరికి పంపాలో రాసుండే చిట్టా ఒకటి ఉంటుందండి, డీఎన్ఎస్ అని. దాంట్లో ఒక వరస రాయాలి. ఆ చిట్టా తాళం మన దగ్గర లేదండి.” శారోన్ తారీఖు ఇంకోసారి చూసుకుంది. “ఇంకోటండి. ఆ పేరు మనం కొనుక్కున్నది కాదు కదండీ, కౌలుకి తీసుకున్నట్టు. ఆ కౌలు గడువు కూడా వచ్చే వారం బుధవారమేనండి.”

కౌలు అనేసరికి తాతారావుకి మొత్తం అర్థమైపోయింది. “కాగితం ఎవరి పేరునుంది?”

“సుబ్రహ్మణ్యేశ్వరరావు గారి పేరునండి.”

తాతారావు తల గోక్కున్నాడు. కాస్త పొట్టు రాలింది.

అది శారోన్ మరిచిపోయే సంగతి కాదు. మూడేళ్ళ కిందట ఇదే కుర్చీలో కూర్చుని పేరు వెతికి, బొమ్మలు పెట్టి, ధరలు రాసి, అంతా పూర్తిచేసి చివరి బటన్ మీదికి వేలు తీసుకెళ్ళింది. “ఆగాగు, నువ్వొద్దమ్మా” అన్నాడు తాతారావు. కోపంగా కాదు, వేడి గిన్నె ముట్టుకోబోయే పిల్లని ఆపినట్టు. ఆ చుట్టుపక్కల బోరు వేసినా, కొట్టు తెరిచినా, మిల్లులో తొలి బస్తా పోసినా సుబ్రహ్మణ్యేశ్వరరావు గారి చేత్తోనే జరగాలి. సహకార బ్యాంకులో మేనేజరుగా చేసి రిటైరైన ఆ పెద్దాయన చెయ్యి మంచిదని అందరికీ గురి. మంచిదెప్పుడూ సగంలో ఆపకూడదని తాతారావు ఫోన్ నెంబరూ, ఈమెయిలూ, ఆధారూ అన్నీ ఆయనవే వేయించాడు. పెద్దాయన వచ్చి నొక్కాడు. కొత్త తువాలు భుజాన వేయించుకుని వెళ్ళాడు. పేటలోంచి వచ్చిన క్రైస్తవుల పిల్ల చెయ్యి ఎలాంటిదో ఎవరూ పరీక్షించి చూడలేదు.

*

సాయంత్రం ఇద్దరూ పెద్దాయన ఇంటికి వెళ్ళారు. తాతారావు హాల్లో సోఫాలో కూర్చున్నాడు. శారోన్ గుమ్మం పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీలో లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. విషయం ఆమే చెప్పింది. పెద్దాయన అంతా విని తాతారావు వైపు తిరిగాడు.

“ఆ అమ్మాయి ఏవంటుంది తాతారావూ? ఇప్పుడేం కావాలంట?”

“ఏం కావాలమ్మా?” అన్నాడు తాతారావు.

“ఆయన ఈమెయిలు ఒకసారి తెరిస్తే చాలండి. మన పేరు వేరే కంపెనీకి మార్చుకోవాలంటే, ఇప్పుడున్న కంపెనీ వాళ్ళు ట్రాన్స్‌ఫర్ కోడు అందులోకే పంపుతారండి.”

“ఈమెయిలు తెరవాలంటండి.”

“ఇప్పుడున్న కంపెనీకి ఏమొచ్చిందట?”

“ఏమొచ్చిందమ్మా?”

“ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తట్లేదండి. చౌకని తీసుకున్నాం అప్పట్లో.”

“ఎత్తట్లేదంటండి.”

ముగ్గురూ మాట్లాడేది తెలుగే. మధ్యలో దుబాసీ ఎందుకో ఆ గదిలో శారోన్‌కి తప్ప ఎవరికీ అనుమానం రాలేదు. ఆమెకి ముందు నవ్వొచ్చింది, మూడో ప్రశ్నకి ఒళ్ళు మండింది.

పెద్దాయన అరచేతిని తిప్పి చూసుకున్నాడు. “నా చేత్తో పెట్టింది తీసేస్తారన్నమాట.”

“అయ్యయ్యో, అలాగనకండి మావయ్యగారూ,” తాతారావు సోఫా అంచుకి జరిగాడు. “మీ చెయ్యి వల్లే కదండీ ఈ మూడేళ్ళూ నడిచింది.”

“కాదులే. కంపెనీ మారుద్దురుగాని. కానీ ఇవాళ కాదు. శుక్రవారం పొద్దున్న దివ్యంగా ఉంది. నేనే వస్తాను.”

“శుక్రవారం సాయంత్రంతో గడువు అయిపోతుందండి,” అంది శారోన్. “అన్నీ కుదరడానికి ఒక పూట పడుతుందండి.”

పెద్దాయన తాతారావునే చూస్తున్నాడు. “శుక్రవారం,” అన్నాడు మళ్ళీ.

బయటికొచ్చాక తాతారావు బండి తాళం జేబులో వెతుక్కుంటూ, “పెద్దాయన్ని బలవంతపెట్టలేం కదమ్మా,” అన్నాడు. ఆయన్ని కాక ఇంకెవర్ని బలవంతపెట్టొచ్చో ఆమెకి తెలుసు. ఈ మూడు రోజుల్లో ఏదో ఒకటి చెయ్యమని రేపట్నుంచి తనమీదే పడతారు.

*

మంగళవారం అమలాపురం నుంచి క్రాంతికుమార్ ఫోన్ చేశాడు. తాతారావుకి మేనల్లుడి వరస, వెబ్‌సైట్ల వ్యాపారం. సంగతి ఎలాగో తెలిసింది. తాతారావు ఫోన్ స్పీకర్‌లో పెట్టి బల్ల మీద ఉంచాడు.

“మావయ్యా, మీకివన్నీ ఎందుకు? పేరూ, చిట్టా, సర్టిఫికెట్టూ అన్నీ నా అకౌంట్లో పెట్టేస్తాను. మీరు సంతకం కూడా పెట్టక్కర్లేదు. ఏడాదికోసారి మీ కొబ్బరికాయలు ఓ బస్తా పంపండి చాలు.”

తాతారావు మొహం విప్పారింది. శారోన్ వైపు చూసి కళ్ళెగరేశాడు.

“క్రాంతికుమార్ గారండి, శారోన్‌నండి,” అందామె ఫోన్ వైపు వంగి. “పేరు ఎవరి పేరున రిజిస్టర్ చేస్తారండి?”

“నా పేరునే. మావయ్యకైతేనేం, నాకైతేనేం.”

“గడువు దగ్గరపడుతోందని ఉత్తరాలు ఎవరికొస్తాయండి?”

“నాకే.”

“మరి రేపెప్పుడైనా మేం వేరే కంపెనీకి మారాలనుకుంటే, అడక్కుండా కోడు ఇచ్చేస్తారాండి?”

“మన మధ్యన ఇవన్నీ ఏంటండీ? మావయ్యా, ఎవరీ అమ్మాయి?”

తాతారావు స్పీకర్ తీసేసి బయటికి వెళ్ళి మాట్లాడాడు. తిరిగొచ్చాక చిరాగ్గా ఉన్నాడు. “వాడు నొచ్చుకున్నాడు. మనవాడు కదమ్మా. మనవాణ్ణి అలా నిలదీస్తారా?”

“సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు కూడా మనవాళ్ళేనండి,” అంది శారోన్. “ఇప్పుడు మన చేతిలో ఏవీ లేకపోవడానికి కారణం అదేనండి.”

అనేశాక భయపడింది. తాతారావు యంత్రం దగ్గరికి వెళ్ళిపోయాడు. పది నిమిషాలయ్యాక గుమ్మంలోకి వచ్చి నిలబడి, “సరే, నీకు తెలిసిన మంచి కంపెనీ ఏదో చూడు,” అని తిరిగి వెళ్ళాడు.

బుధవారమంతా ఆమె అదే పనిలో ఉంది. మంచి కంపెనీ అంటే ఏమిటో ముందు తనకి తెలియాలి కదా. ధరలు చూస్తే మొదటి ఏడాది అందరూ దానధర్మాలు చేస్తున్నట్టే ఉన్నారు, రెండో ఏడాది సంగతి కింద చిన్న అక్షరాల్లో ఉంది. ఉచితంగా దొరికే సర్టిఫికెట్టుకి ఒకడు డబ్బు అడుగుతున్నాడు. ఒకచోట చిట్టాలో వరస మార్చాలంటే మనం రాసుకోవడానికి లేదు, వాళ్ళకి ఉత్తరం రాసి రెండు రోజులు ఆగాలి. ఫోన్ నెంబర్లు ఉన్నవాటన్నిటికీ ఫోన్ చేసింది. ఎత్తినవాళ్ళని అందరినీ ఒకటే అడిగింది: “నేను మీ దగ్గర చేరి, తరవాత వెళ్ళిపోవాలనుకుంటే ఏం చెయ్యాలి?”

ఒకమ్మాయి ముందు చేరండి మేడమ్ అంది. ఇంకో ఆయన వెళ్ళాల్సిన అవసరమే రాదని హామీ ఇచ్చాడు. మూడో కంపెనీలో గొంతు బొంగురుపోయిన కుర్రాడు, “మీ అకౌంట్లో సెట్టింగుల్లోకి వెళ్ళి తాళం తీసి కోడ్ తీసుకోండి మేడమ్, మమ్మల్ని అడగక్కర్లేదు, అరవై రోజుల ముందు నుంచి గడువు గుర్తుచేస్తాం, యజమాని ఫోన్‌కి ఓటీపీ రాకుండా మాత్రం ఏదీ కదలదు,” అని ఒకే ఊపిరిలో చెప్పాడు. అన్నిటికన్నా చౌక కాదు. అయినా శారోన్ ఆ పేరు రాసుకుని కింద రెండు గీతలు గీసింది. బయటికి దారి సూటిగా చూపించినవాడి ఇంట్లోకి వెళ్ళడానికి ఆమెకి భయం లేదు.

ఇంక ఉన్నదల్లా పెద్దాయన తాళం. అది శుక్రవారం దాకా రాదు.

*

గురువారం పొద్దున్న తాతారావు, భార్య రత్నమాల కారులో ఐనవిల్లి వెళ్ళారు. “ఈ గండం గట్టెక్కించమని వినాయకుడికి చెప్పుకుని వస్తాం,” అన్నాడు తాతారావు. దర్శనానికి వెళ్ళినప్పుడు ఇద్దరి ఫోన్లూ కారులోనే ఉంటాయి. అది వాళ్ళింట్లో నియమం.

పన్నెండున్నరకి శారోన్ ఫోన్ మోగింది. తెలియని నెంబరు.

“అమ్మా, నేను సుబ్రహ్మణ్యేశ్వరరావుని. ఒక్కసారి ఇంటికి రాగలవా? మీ తాతారావుకి చెప్పకుండా.”

వెళ్ళేసరికి పెద్దాయన వీధి అరుగు మీదే పచార్లు చేస్తున్నాడు. లోపల సోఫాలోనే కూర్చోమన్నాడు. ఫోన్ ఆమె చేతిలో పెట్టి ఎదురుగా నిలబడ్డాడు.

“పళ్ళ డాక్టరు గారి సైటు పోయిందట. పొద్దున్న ఫోన్ చేసి, మీ చేత్తో పెట్టించేం కదండీ, ఏమైందండీ అంటున్నాడు. నాకేం తెలుసమ్మా?” కండువాతో మెడ తుడుచుకున్నాడు. “నిజం చెప్తున్నాను. ఆ ఈమెయిలు పాస్‌వర్డు మరిచిపోయి రెండేళ్ళయింది. శుక్రవారం అన్నది ముహూర్తం కోసం కాదు. నాలుగు రోజుల్లో గుర్తొస్తుందేమోనని.”

శారోన్‌కి సోమవారం ఆ గదిలో పడ్డ అవమానమంతా గుర్తుంది. కానీ ఎదురుగా నిలబడ్డది పరీక్ష తప్పి ఇంటికొచ్చిన పిల్లాడి మొహం.

“ఫోన్ నెంబరు పాతదేనాండి?”

“ఆయ్, అదే.”

“అయితే భయం లేదండి.”

నెంబరుకి ఓటీపీ వచ్చింది, పెట్టె తెరుచుకుంది. చదవని ఉత్తరాలు పదకొండు వందల పైచిలుకు. శారోన్ వేలితో పైకి తోస్తూ పోయింది. కోనపీచు గడువు రెండు నెలల్లో, నెలలో, పదిహేను రోజుల్లో. పళ్ళ డాక్టరు గారిది. రైసు మిల్లుది. కల్యాణమండపానిది. ఇంగ్లీషు మీడియం స్కూలుది. నర్సరీది. లెక్కపెడితే పదకొండు వ్యాపారాలు తేలాయి. మండలంలో సగం మంది తమ ఇంటర్నెట్టు తాళాలన్నీ మంచి చేతిలో పెట్టి నిశ్చింతగా నిద్రపోతున్నారు, ఆ చేతికి తాళాలు ఎక్కడున్నాయో తెలియదు.

“అందరూ వచ్చి నొక్కమంటారు, నొక్కేవాణ్ణి,” అన్నాడు పెద్దాయన. “రిటైరయ్యాక ఈ ఊళ్ళో నాకున్న పని ఇదొక్కటే అమ్మా. ఏం నొక్కుతున్నానో అడిగితే పరువు తక్కువ అనిపించేది.”

“వీళ్ళందరికీ మీరే చెప్పాలండి. ఒక్కొక్కళ్ళకీ.”

“చెబుతాను. ముందు తాతారావుది చూడు.”

పాత కంపెనీలో అకౌంటు తెరిచింది. తాళం తీసింది. కోడు వచ్చింది, పదిహేను నిమిషాలే చెల్లుతుందని కింద రాసుంది. కొత్త కంపెనీలో అకౌంటు మొదలుపెడితే, యజమాని పేరు, యజమాని ఫోన్‌కి వచ్చిన ఓటీపీ అని అడిగింది. తాతారావుకి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. రత్నమాలకి చేసింది. అదీ అంతే. మళ్ళీ తాతారావుకి, మళ్ళీ.

“మీ పేరే వెయ్యమంటారాండి?”

“వద్దమ్మా,” పెద్దాయన రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. “ఇంక నా పేరొద్దు. నీదే వేసుకో.”

శారోన్ తన పేరు వేసింది. తన నెంబరుకి ఓటీపీ వచ్చింది. బదిలీ రుసుము తన ఫోన్లోంచే కట్టింది. ఆఖరికి ఒకే ఒక్క బటన్ మిగిలింది. ఆమె లాప్‌టాప్‌ని పెద్దాయన వైపు తిప్పింది. అలవాటైపోయింది మరి.

పెద్దాయన గోడ గడియారం వైపు చూశాడు. ఒకటీ నలభై ఐదు. “రాహుకాలం పడింది,” అన్నాడు. “మూడు దాటాలి.”

“ఒకటీ యాభై రెండుకి కోడు చచ్చిపోతుందండి. మళ్ళీ కోడు రేపటికి గాని ఇవ్వరంట. రేపైతే సర్టిఫికెట్టు సాయంత్రంలోగా కుదరదండి.”

ఆయన చెయ్యి ముందుకు రాబోయి వెనక్కి వెళ్ళి కండువా కిందికి పోయింది. “అయితే నువ్వు నొక్కెయ్యమ్మా,” అన్నాడు.

శారోన్ ఆయన వైపు చూసింది. మంచి ఘడియలో ఆ చెయ్యి కావాలి, చెడ్డ ఘడియలో ఈ చెయ్యి చాలు. పెద్దాయనలో కుట్రేమీ లేదు, అంత ఆలోచించి కూడా అనలేదు. అందుకే ఎక్కువ నొప్పెట్టింది. ఏడుపొచ్చేంత కోపం వచ్చింది. ఆ కోపంతోనే నొక్కింది.

డాట్ ఇన్ పేర్లు తొందరగానే కదులుతాయి. ఫ్యాక్టరీకి తిరిగొచ్చి కూర్చున్న రెండు గంటల్లో పేరు కొత్త కంపెనీకి చేరింది. చిట్టాలో రాయవలసిన వరస రాసింది. చిట్టా ఇప్పుడు తెరిచే ఉంది, ఎవర్నీ అడగక్కర్లేదు. ఐదింటికల్లా సర్టిఫికెట్టు వచ్చింది, ఎర్ర హెచ్చరిక పోయి కోనపీచు దిమ్మల బొమ్మలు కనిపించాయి. బేబిని పిలిచి చూపించింది. “ఏముంది ఇందులో, ఎప్పుడూ ఉండేదే కదా,” అంది బేబి. అది నిజమే.

ఐదున్నరకి తాతారావు ఫోన్ చేశాడు. “అమ్మా, సైటు వచ్చేసిందంట కదా! వినాయకుడి దయ. మరి పేరు మార్పు?”

“అదొక్కటే ఉందండి. మీ ఫోన్‌కి ఓటీపీ వస్తేగాని అవ్వదండి.”

“రేపు పొద్దున్నే, మావయ్యగారు వస్తానన్నారుగా, ఆయన చేతే నొక్కిద్దాం.”

నిజం చెప్పడానికి అక్కడ సందు దొరికింది. శారోన్ చెప్పలేదు. “ఆయ్, అలాగేనండి,” అంది.

ఇంటికెళ్ళాక అమ్మ నాగమణి చేపల పులుసు దించుతుంటే శారోన్ గుమ్మంలో కూర్చుని ఫోన్ తెరిచింది. కోనపీచు డాట్ ఇన్. యజమాని: పి. శారోన్. మూసింది. మళ్ళీ తెరిచింది. ఆ రెండు పదాలు పక్కపక్కన ఉండటం ఆమెకి బాగుంది. తప్పో ఒప్పో తరవాతి సంగతి, బాగుంది.

“ఏంటే అన్నిసార్లు చూస్తున్నావు?”

“మా ఫ్యాక్టరీ పేరు ఇవాళ నాదమ్మా. కాగితాల మీద.”

నాగమణి గరిటె పక్కన పెట్టింది. “జీతం పెరిగిందా?”

“లేదు.”

“మరెందుకే? రేపు పొద్దున్నే ఇచ్చెయ్. ఇంకెవరైనా అయితే పొరపాటంటారు. మనల్నైతే ఇంకోటంటారు.”

“తెలుసమ్మా,” అంది శారోన్. ఏడింటికి బెంగళూరు నుంచి ఉత్తరం వచ్చింది. సైటు చూశాం, కాంట్రాక్టు ఖాయం చేస్తున్నాం అని. దాన్ని కూడా రెండుసార్లు చదువుకుంది.

*

శుక్రవారం తొమ్మిదిన్నరకి కంప్యూటర్ గదిలో జనం పట్టలేదు. రత్నమాల కంప్యూటర్‌కి బొట్టు పెట్టింది. బేబి వాళ్ళు కాళ్ళు కడుక్కుని వచ్చి గోడవార నిలబడ్డారు. పళ్ళెంలో కొబ్బరికాయ, పసుపు రాసిన కొత్త తువాలు. బెంగళూరు ఉత్తరం అచ్చు తీసి తాతారావు జేబులో పెట్టుకున్నాడు, వచ్చినవాళ్ళందరికీ ఇప్పటికే చూపించాడు. పెద్దాయన వచ్చి శారోన్ కుర్చీలో కూర్చున్నాడు, కూర్చోమన్నందుకు. ఎవరి వైపూ చూడటం లేదు.

శారోన్ పక్కన నిలబడే వంగి యజమాని మార్పు అన్నచోట తాతారావు పేరు, నెంబరు వేసింది. తాతారావు చొక్కా జేబులో ఫోన్ కుయ్యిమంది.

“ఆ, ఇంక నొక్కండి మావయ్యగారూ,” అన్నాడు తాతారావు.

“ఆయన నొక్కడానికేమీ లేదండి,” అంది శారోన్. “మీకొచ్చిన ఓటీపీ చదవండి చాలు.”

“ఆయన పేరు మీంచి కదమ్మా నా పేరుకి మారేది?”

“కాదండి. నా పేరు మీంచండి.”

పక్క షెడ్డులో యంత్రం దిమ్మని వదిలిన చప్పుడు వినిపించింది. తాతారావు ఆమె వైపు తిరిగాడు. “నీ పేరు మీంచేంటి? నా కంపెనీ నీ పేరున ఎప్పుడు పెట్టావు? ఎవర్నడిగి?”

“నిన్న మధ్యాహ్నమండి. మీకు మూడుసార్లు చేసేనండి.”

తాతారావు వేలితో ఫోన్ మీద వెతికాడు. మూడు ఉన్నాయి. అయినా అతని మొహం సర్దుకోలేదు. బేబి నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. అమ్మ చెప్పింది ఇదే కదా అనుకుంది శారోన్. బల్ల అంచు పట్టుకుంది.

“తాతారావూ,” అన్నాడు పెద్దాయన. లేచి నిలబడ్డాడు. “నా పేరొద్దన్నది నేనే. ఆ పిల్ల పేరు వేసుకోమన్నది నేనే. నాకు పాస్‌వర్డు కూడా గుర్తు లేదు, ఆ అమ్మాయే తెరిచింది. బటన్ కూడా నా చేత్తో నొక్కలేదు.” గొంతు సవరించుకున్నాడు. “రాహుకాలమని నేను చెయ్యి వెనక్కి తీసుకుని, ఆ పిల్ల చేత నొక్కించేను.”

అంత మాట ఆయన అందరి ముందూ అంటాడని శారోన్ అనుకోలేదు. గదిలో ఎవరూ అనుకోలేదు.

రత్నమాల భర్త జేబులోంచి ఉత్తరం తీసి, పైన వేళ చూసింది. “ఇది నిన్న రాత్రి ఏడింటికి వచ్చిందండి,” అంది నెమ్మదిగా. “అప్పటికి కంపెనీ ఈ అమ్మాయి పేరునే ఉంది. ఇంక బోణీ ఎవరిదంటారు?”

తాతారావు కొబ్బరికాయ వైపు, తువాలు వైపు, భుజాన ఏమీ లేకుండా నిలబడ్డ పెద్దాయన వైపు చూశాడు. ఆఖరికి శారోన్ వైపు చూశాడు. మూడేళ్ళుగా రోజూ చూస్తున్న మనిషే.

“ఐదు నిమిషాలే ఉంటుందండి ఓటీపీ,” అంది శారోన్. “చదవండి.”

తాతారావు కళ్ళజోడు పెట్టుకున్నాడు. “నాలుగు.”

ఆమె కొట్టింది.

“సున్నా. తొమ్మిది. ఒకటి.” ఆగాడు. “రెండు.”

ఇంకొక్కటే మిగిలింది. అతను చదవలేదు. ఫోన్ కొంచెం కిందికి దించాడు.

“ఇది చదవకపోతే ఏమవుద్దమ్మా?”

“ఏమీ అవ్వదండి. నా పేరునే ఉంటుంది.”

“చట్టప్రకారం నీదే?”

“ఆయ్. నాదేనండి.”

“నేను అడిగినా ఇవ్వక్కర్లేదా?”

“అక్కర్లేదండి.”

“మరెందుకు ఇస్తున్నావు?”

శారోన్‌కి చాలా మాటలు వచ్చాయి. మూడేళ్ళ కిందటి బటన్ గురించి, సోమవారం దుబాసీ గురించి, నిన్నటి గడియారం గురించి. అవన్నీ చెప్పడానికి ఇంతమంది ముందు ఇంత మంచి అదను మళ్ళీ రాదు కూడా. వేలు కీబోర్డు మీద ఉంచి, అతని కళ్ళలోకి చూసింది.

“మీది కాబట్టండి,” అంది.

తాతారావు ఫోన్ మళ్ళీ పైకెత్తాడు. చదవడానికి అతనికి కాస్త సమయం పట్టింది.

“ఏడు,” అన్నాడు.